ఒక్క టికెట్టుకి అయిదు దయ్యాలు!

దయ్యాల సినిమాకి వెళ్ళి నవ్వుకుంటూ బయటికొచ్చే వాళ్ళని ఎప్పుడైనా గమనించారా? హాలు బయట సోడాబండి దగ్గర నిలబడి, "ఏముంది గురూ, అంతా ఉత్తదే! ఇంటర్వెల్‌కే తెలిసిపోయింది!" అని దబాయిస్తుంటారు. వాళ్ళ మాటలో అబద్ధమేమీ లేదు. రెండున్నర గంటల సినిమాలో దయ్యాన్ని దాచిపెట్టడం మహా కష్టం. మొదటి గంటలో తలుపులు కిర్రుమంటాయి. మధ్యలో రెండు పాటలు, కాస్త హాస్యం. తర్వాత మాంత్రికుడు దిగుతాడు. ఆఖరి రీలు వచ్చేసరికి దయ్యం మనకి పాత చుట్టమైపోతుంది. చుట్టాన్ని చూసి భయపడేదెవరు చెప్పండి?

అందుకే నాకు మొదట్నుంచీ ఒక్క టికెట్టు మీద నాలుగయిదు కథలు చూపించే దయ్యాల సినిమాలంటే పిచ్చి. వీటిని ఆంథాలజీ చిత్రాలంటారు. మనం కదంబ చిత్రాలు అనుకుందాం. మల్లె, మరువం, కనకాంబరం కలిపి కట్టిన కదంబంలాగా కథలు వేరు, దారం ఒక్కటే. నలుగురు మనుషులు ఒకచోట చిక్కుకుంటారు, అదీ దారం. అది రైలుపెట్టె కావచ్చు, నేలమాళిగ కావచ్చు, పల్లెటూరి బంగళా కావచ్చు. ఒకరి తర్వాత ఒకరు తమ కథ బయటపెడతారు. ఒక్కోటి ఇరవై నిమిషాలు. దయ్యం మనకి అలవాటయ్యేలోపే కథ అయిపోతుంది. అమ్మయ్య అనుకునేలోపే ఇంకొకరి వంతు వచ్చేస్తుంది.

వంతు! ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఈ రకం సినిమాల కిటుకంతా అందులోనే ఉందని నా నమ్మకం. ఈ నమ్మకం నాకు లండన్ పుస్తకాల్లో దొరికింది కాదు. పుంగనూరు, మదనపల్లె, కుప్పం... ఈ మూడూళ్ళ పుణ్యమే.

చెనిక్కాయల రాత్రులు

మా అవ్వది పుంగనూరు పక్కన పల్లె. పుంగనూరనగానే అందరికీ పొట్టి ఆవులు గుర్తొస్తాయి. నాకు మాత్రం చెనిక్కాయల కుప్ప గుర్తొస్తుంది. ఎండాకాలం సెలవుల చివర, తొలకరికి ముందు, విత్తనానికని కాయలు ఒలిచేవాళ్ళు. మిషన్లో వేస్తే పప్పు చితికి మొలక దెబ్బతింటుందని విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి. పగలంతా వేరే పనులు. అందుకని రాత్రి సంగటి తిన్నాక పది మంది ఆడవాళ్ళు మా అవ్వ ఇంటి వసారాలో చేరేవాళ్ళు. మధ్యలో కుప్ప, పక్కన లాంతరు. కరెంటుని నమ్ముకునే రోజులు కావవి.

చేతులు వాటంతటవే పనిచేస్తుంటే కళ్ళ మీదికి నిద్ర వస్తుంది. నిద్ర ఆగాలంటే కథలు కావాలి. కథల్లో మాంచి కథలు దయ్యాల కథలే కదా! ఒకామె మొదలుపెట్టేది. చింతతోపులో బండి కట్టుకొని పోతుంటే వెనక ఎక్కి కూర్చున్న మనిషి పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయట. ఆ కథ అయిపోగానే, "నీ వొంతు మే, చెప్పు" అని పక్కామెని పొడిచేవాళ్ళు. ఆమెది చెరువు కట్ట మీద నడిచే కొరివి దయ్యం. తర్వాత ఇంకొకామె. తప్పించుకోవడానికి వీల్లేదు. కుప్ప చుట్టూ కూర్చున్నావా, కాయలూ ఒలవాలి, కథా చెప్పాలి!

పిల్లలం మేము గోడవారగా చేరి దుప్పటి కప్పుకొని వినేవాళ్ళం. మొదటి కథకి భయం వేసేది కాదు. రెండోదానికి కొంచెం. మూడో కథ నడుస్తుండగా, మొదటి కథలోని పాదాలు మా దుప్పటి దగ్గర నిలబడేవి! ఒక కథలో భయం ఆ కథతో పోదండీ. పక్క కథలోకి పాకుతుంది. అయిదు కథలు విడివిడిగా అయిదు రాత్రులు చెప్తే అంత భయం పుట్టదు. ఒకే రాత్రి వరసగా చెప్పాలి.

మా అవ్వ వంతు వస్తే ఆమె ఎప్పుడూ ఒకే కథ చెప్పేది. చాలా చిన్నది. "ఒగ పిల్ల మునిమాపేళ మేకపిల్లని తోలకరాను చెరువు కట్టకి పోతాది. 'నేను ఈడ దీపం పట్టుకోని నిలబడుంటా, దీపాన్ని చూసుకుంటా వచ్చేయ్' అంటాది వాళ్ళక్క. పిల్ల పొయినాది. గాలి లేచినాది. దీపం ఆరిపొయినాది. ఇప్పుడు గూడా మునిమాపేళ ఆ కట్ట మింద పోతే ఎవురో అడగతారంట... 'అక్కా, దీపం యాడ?' అని."

అంతే! అక్కడ ఆపేసేది. "తర్వాత అవ్వా?" అని మేము లేచి కూర్చునేవాళ్ళం. "తర్వాతేముండాది నాయనా, చెనిక్కాయలు ఉండాయి" అని పక్కామె వైపు చూసి, "నీ వొంతు మే" అనేది. పాదాలు తిరిగిన దయ్యాలూ, కొరివి దయ్యాలూ ఒక ఎత్తు, ఆ ఆరిన దీపం ఒక ఎత్తు. మా పిల్లల జట్టులో ఒక్కడు కూడా ఆ రాత్రి ఒంటికి పొయ్యడానికి ఒంటరిగా లేచేవాడు కాదు.

మదనపల్లెలో రైలెక్కిన మృత్యువు

తర్వాత చదువుకని మదనపల్లె చేరాను. 1980ల నడిమి సంవత్సరాలు. ఊళ్ళో హాళ్ళున్నా మా స్టూడెంట్ల ప్రాణమంతా వీడియో గది మీదే! ఒక కొట్టు వెనక చిన్న గది, కిటికీలకి గోనెపట్టాలు, ఒక కలర్ టీవీ, దాని కింద దేవుడి పటం అంత భక్తిగా పెట్టిన వి.సి.ఆర్. క్యాసెట్లు బెంగుళూరు నుంచి బస్సులో వచ్చేవి. కొన్నిటి మీద సినిమా పేరు కూడా ఉండేది కాదు.

అలా పేరు లేని క్యాసెట్టు ఒకటి ఓ రాత్రి వేశారు. రైలుపెట్టెలో అయిదుగురు మగవాళ్ళు. ఆఖర్న ఆరో మనిషి ఎక్కుతాడు. నెరిసిన గడ్డం, గుబురు కనుబొమ్మలు, చేతిలో పేకముక్కల్లాంటి జోస్యం కార్డులు. ఒక్కొక్కడి జాతకం వరసగా విప్పుతాడు. ఒకడికి తోడేలు మనిషి, ఒకడికి ఇంటిని చుట్టుకునే తీగ, ఒకడికి తెగిపోయినా వెంటబడే చెయ్యి... ఆఖరికి రైలు ఆగుతుంది. దిగి చూస్తే వాళ్ళు బతికున్న ప్రయాణికులు కారు! కార్డులు పంచినవాడే మృత్యువు! మా ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా అర్థం కానిది ఒక్క ముక్క లేదు.

సినిమా అయ్యాక గదికి నడిచి వెళ్తుంటే మాలో ఒకడు టక్కున ఆగి లెక్కపెట్టాడు. "ఒరే, మనమూ అయిదుగురమేరా!" అంతే, మిగతా దారంతా ఒక్కడు కూడా నోరు మెదపలేదు.

అది 1965లో వచ్చిన "డాక్టర్ టెర్రర్స్ హౌస్ ఆఫ్ హారర్స్" అని తర్వాత తెలిసింది. దర్శకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. గడ్డం మనిషి పీటర్ కుషింగ్. చెయ్యి వెంటబడే పాత్ర క్రిస్టోఫర్ లీ. తీసింది ఇంగ్లండులోని అమికస్ సంస్థ. దాన్ని నడిపిన మిల్టన్ సుబోట్‌స్కీ, మాక్స్ రోజెన్‌బర్గ్ ఇద్దరూ అమెరికా వాళ్ళు. 1965 నుంచి 1974 దాకా ఈ సంస్థ ఇలాంటి కదంబ చిత్రాలు ఏడు తీసింది. ఇందులో వ్యాపార కిటుకు కూడా ఉంది. పేరున్న స్టార్‌ని సినిమా మొత్తానికి పెట్టుకుంటే డబ్బు మోపెడవుతుంది. ఒక్క కథకయితే నాలుగు రోజుల కాల్షీటు చాలు! అలా ఒకే పోస్టరు మీద అరడజను పెద్ద పేర్లు. మన ప్రొడ్యూసర్లు వింటున్నారా?

అమికస్ వాళ్ళకి దారి చూపింది 1945 నాటి "డెడ్ ఆఫ్ నైట్". ఈలింగ్ స్టూడియో వాళ్ళు నలుగురు దర్శకుల చేత తీయించారు. ఒక ఆర్కిటెక్టు పల్లెటూరి ఇంటికి వస్తాడు. అక్కడున్న వాళ్ళందరినీ ఇంతకుముందే కలలో చూశానంటాడు. అక్కడి అతిథులు తలా ఒక కథ చెప్తారు. మాట్లాడే బొమ్మని ఆడించేవాడికీ, ఆ బొమ్మకీ జరిగే పోరు చూసి తీరాలి. మైకేల్ రెడ్‌గ్రేవ్ నటన అది! ఆఖరికి ఆర్కిటెక్టు నిద్ర లేస్తాడు. ఫోను మోగుతుంది. పల్లెటూరికి రమ్మని పిలుపు! కథ మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ సినిమా అమెరికాలో విడుదలయినప్పుడు రెండు కథలు కోసేశారు. అదేమంత మంచి పని కాదు. కదంబంలో ఒక పువ్వు తుంచితే పక్క పువ్వు కూడా జారిపోతుంది.

అంతకన్నా ముందు, 1919లోనే జర్మనీలో రిచర్డ్ ఓస్వాల్డ్ అయిదు కథలతో ఒక మూగ చిత్రం తీశాడు. రాత్రి పుస్తకాల కొట్టు మూసేశాక, గోడకున్న పటాల్లోంచి మృత్యువు, సైతాను, ఓ వేశ్య దిగివచ్చి కథలు చదువుకుంటారు! అన్నట్టు, అదే 1919 ఫిబ్రవరిలో మా మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకి రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చారు. జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. ఆ సంగతి మా ఊళ్ళో ప్రతి పిల్లాడికీ తెలుసు. ఆయన దయ్యాల కథ రాసిన సంగతే చాలా మందికి తెలీదు!

ఆ కథ పేరు "మణిహార". సత్యజిత్ రే 1961లో ఠాగూర్ శతజయంతికి మూడు కథలతో తీసిన "తీన్ కన్య"లో నడిమి కథ. ఒక పాడుబడ్డ రేవు మెట్ల మీద స్కూలు మాస్టరు కూర్చొని, ముసుగేసుకున్న ఒక కొత్త మనిషికి కథ చెప్తాడు. నగల పిచ్చి ఉన్న భార్య, ఆమె మాయమైపోవడం, ఒక రాత్రి నగల కోసం చాచిన ఎముకల చెయ్యి... అంతా విన్నాక ఆ కొత్త మనిషి, కథలో భర్తని నేనే అని చెప్పి మాయమైపోతాడు. చూశారా? కథ వినేవాడికి కూడా వంతు వచ్చింది! విదేశాల్లో మొదట విడుదలయినప్పుడు ఈ కథని వదిలేసి రెండు కథలే చూపించారు. చాన్నాళ్ళ దాకా బయటి ప్రపంచానికి ఈ దయ్యం దక్కలేదు.

కుప్పం దాటే దయ్యం

తర్వాత ఉద్యోగం నన్ను కుప్పంలో పడేసింది. 1990ల మాట. కుప్పం సంగతి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. టీ కొట్టులో ఒక బల్ల మీద మూడు భాషలు. ఇంగ్లీషు సినిమా కావాలంటే బెంగుళూరు రైలెక్కడమే. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. సినిమా చూసి రాత్రి రైల్లో తిరిగొస్తుంటే పెట్టెలో సగం మంది నిద్ర, సగం మంది కబుర్లు.

ఆ రోజుల్లోనే బెంగుళూరులో ఒక పుకారు పుట్టింది. రాత్రిళ్ళు ఒక ఆడ దయ్యం తలుపు తట్టి, మనకి బాగా తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. తలుపు తీస్తే ఇంతే సంగతులు. అందుకని జనం తలుపుల మీద "నాళె బా" అని రాసి పెట్టుకున్నారు. రేపు రా అని అర్థం. దయ్యం చదివి వెళ్ళిపోతుంది, మర్నాడు వస్తుంది, మళ్ళీ అదే చదువుతుంది! మన పల్లెల్లో అదే "ఓ స్త్రీ రేపు రా" అయింది. గోడల మీద సుద్దతో, బొగ్గుతో రాసిన ఆ అక్షరాలు మీలో చాలా మంది అమ్మానాన్నలు చూసే ఉంటారు. అడగండి.

ఒక రాత్రి రైల్లో ఈ దయ్యం గురించి మూడు కథలు విన్నాను. ఒక కన్నడాయన చెప్పాడు. జోలార్‌పేట వెళ్ళే తమిళాయన, మా ఊళ్ళో అయితే అది ఇట్లా కాదని అందుకున్నాడు. మూడోది మా కుప్పం గాజుల వ్యాపారి, తెలుగులో. దయ్యం ఒకటే. బార్డరు దాటినప్పుడల్లా చీర మార్చుకుంటోంది! వింటున్నవాళ్ళల్లో ఒక్కరు కూడా అది అబద్ధమని అనలేదు. ఎవరి వంతు వాళ్ళకి ఉంది కదా, అవతలివాడి కథని కాదంటే తన కథ ఎవరు వింటారు?

ఈ పుకారుతోనే 2018లో "స్త్రీ" అనే హిందీ సినిమా వచ్చి దేశమంతా ఆడింది. దాని రచయితలూ, నిర్మాతల్లో ఇద్దరూ అయిన రాజ్, డి.కె. ఎవరనుకున్నారు? తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివిన మన సీమ కుర్రాళ్ళే. గోడ మీద రాతని వాళ్ళు బొంబాయికి వెళ్ళి నేర్చుకోలేదని వేరే చెప్పాలా?

కదంబ చిత్రాలకి కూడా మన చుట్టుపక్కల కరువేం లేదు. కన్నడంలో పుట్టణ్ణ కణగాల్ 1976లో మూడు కథలతో "కథా సంగమ" తీశాడు. దయ్యాల సినిమా కాదుగానీ, అందులో ఒక కథలో కొత్తగా వచ్చిన రజనీకాంత్ కనిపిస్తాడు. ఇక మన రామ్‌గోపాల్ వర్మ. 1992లో "రాత్రి"తో ఒకే దయ్యంతో భయపెట్టి, 2003లో నిర్మాతగా "డర్నా మనా హై" అని ఆరు కథల సినిమా ఇచ్చాడు. దర్శకుడు ప్రవాల్ రామన్. అడవిలో కారు ఆగిపోతే, కుర్రకారు మంట చుట్టూ కూర్చొని వంతులవారీగా కథలు చెప్పుకుంటారు. ఒక్కొక్కళ్ళే తగ్గిపోతుంటారు! 2006లో "డర్నా జరూరీ హై" అని ఏడుగురు దర్శకులతో ఇంకొకటి. తీసింది హిందీలో. మంట చుట్టూ కూర్చున్న పద్ధతి మాత్రం అచ్చం మా చెనిక్కాయల కుప్పే!

అసలు వేరు మనదే

ఈ పద్ధతి ఇంగ్లండులో పుట్టిందనుకుంటే పొరపాటు. శవాన్ని భుజాన వేసుకొని శ్మశానంలో నడిచే రాజు, శవంలోంచి కథ చెప్పే బేతాళుడు... ఇంతకన్నా మంచి దారం ప్రపంచంలో ఏ కదంబ చిత్రానికైనా ఉందా? ఆ కథలు 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడి "కథాసరిత్సాగరం"లో ఉన్నాయి. ఆ సాగరానికి మూలం గుణాఢ్యుడి "బృహత్కథ" అంటారు. గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులోని వాడని ఆ పుస్తకమే చెప్తుంది. ఒక పిశాచం నోట విన్న ఏడు లక్షల శ్లోకాలని పైశాచీ భాషలో తన నెత్తురుతో రాశాడట. రాజు కాదని తోసేస్తే అడవిలో నిప్పు రాజేసి, ఒక్కొక్క ఆకూ మృగాలకి చదివి వినిపిస్తూ మంటలో వేశాడట. మేత మాని మృగాలు కన్నీళ్ళతో విన్నాయట. రాజు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మిగిలింది ఒక్క లక్షే!

మనం బేతాళుడిని ఎరిగింది "చందమామ"తో. శంకర్ వేసిన ఆ బొమ్మ ఉందే... కత్తి పట్టుకున్న రాజు, భుజం మీద శవం... అది చూడకుండా పెరిగిన తెలుగువాడు నా ఈడులో లేడు. 1985లో దూరదర్శన్‌లో "విక్రమ్ ఔర్ బేతాల్" వచ్చినప్పుడు టీవీ ఉన్న ఇల్లు హాలైపోయేది. విక్రముడిగా అరుణ్ గోవిల్, బేతాళుడిగా సజ్జన్.

మరి ఇంత సొంత సరుకు పెట్టుకొని మన పాత తెలుగు సినిమా దయ్యాల కదంబాన్ని ఎందుకు పట్టించుకోలేదు? నాకు తోచిన కారణం ఒకటే. మనకి హీరో మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా ఉండాలి. ఇరవై నిమిషాలకొక హీరో మారిపోతే అభిమానులు ఊరుకుంటారా? ఇంటర్వెల్ ఎక్కడ వేయాలి? ఈ లెక్కలన్నీ సినిమాహాలువి. చెనిక్కాయల కుప్పకి ఈ బాధ లేదు. అక్కడ కథ చెప్పే మనిషే ఆ కాసేపటికి హీరో.

దీపం పట్టుకున్న అక్క

మా అవ్వ పోయింది. సంవత్సరీకం రోజున వాళ్ళ తమ్ముడు, నాకు తాత వరస, వచ్చాడు. భోజనాలయ్యాక వసారాలో కూర్చొని పాత సంగతులు మాట్లాడుతుంటే, అవ్వ చెప్పే కథ ఎత్తాను. దీపం కథ. ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు.

"అది కత గాదు నాయనా. మాకింకొక చెల్లెలుండేది. ఎనిమిదేండ్లు. మేకపిల్ల కోసరం పోయి చెరువులో పడిపోయినాది. దీపం పట్టుకోని నిలబడింది మీ అవ్వే. అప్పుడు ఆమెకి పదేండ్లుండాయేమో. మా యమ్మ పోయిందాకా ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవురూ ఎత్తింది లేదు. మీ అవ్వయితే సచ్చిందాకా ఎత్తలేదు."

అరవై ఏళ్ళు! పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మనవళ్ళు పుట్టారు. ఆ చెల్లెలి పేరు ఆమె ఎవరి దగ్గరా అనలేదు. ఏడాదికొక్కసారి, చెనిక్కాయల కుప్ప దగ్గర, వంతు తప్పనప్పుడు మాత్రం చెప్పింది. దయ్యాల కథగా చెప్పింది. అలా అయితేనే నోరు వచ్చింది. మిగతా ఆడవాళ్ళకి ఆ సంగతి తెలుసో లేదో. ఇప్పుడు తలుచుకుంటే ఒకటి గుర్తొస్తుంది. ఆమె కథ అయ్యాక మాత్రం ఎవరూ వెంటనే అందుకునేవాళ్ళు కాదు. కాసేపు కాయలు చిట్లే చప్పుడు మాత్రం వినిపించేది.

అప్పట్నుంచి ఈ సినిమాలు నాకు ఇంకోలా కనిపిస్తున్నాయి. 1972లో అమికస్ వాళ్ళే తీసిన "టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్" తీసుకోండి. దర్శకుడు మళ్ళీ ఫ్రెడ్డీ ఫ్రాన్సిసే. అయిదు కథల్లో ఒకదాంట్లో పీటర్ కుషింగ్ చెత్త ఎత్తే ముసలివాడు. భార్య పోయింది. వీధిలో పిల్లలంటే ప్రాణం. ఇరుగుపొరుగు డబ్బున్నవాళ్ళు ఆ పేదవాడిని వీధిలోంచి తరిమెయ్యాలని హింసించి, దొంగ ఉత్తరాలు రాసి చంపుకుతింటారు. ఏడాది తిరిగాక అతను గోతిలోంచి లేచి వస్తాడు. అది భయపెట్టే భాగం. కానీ మీ గొంతుకు అడ్డం పడేది అంతకుముందు సీను. ముసలివాడు ఒంటరిగా కూర్చొని, పోయిన భార్య ఫోటోతో మాట్లాడతాడు.

కుషింగ్ సొంత భార్య హెలెన్ 1971 జనవరిలో చనిపోయింది. ఆ తర్వాత చేసిన సినిమా ఇది. ముందు ఆయనకి ఇస్తామన్నది వేరే పాత్ర. ఈ ముసలివాడి వేషమే కావాలని ఆయన అడిగి తీసుకున్నాడు. కార్డులు పంచిన మృత్యువు వేషం చూసి మదనపల్లెలో మేము బిగుసుకుపోయిన మనిషే ఈయన! ఇప్పుడు ఆయన వంతు వచ్చింది. తన దుఃఖాన్ని దయ్యాల సినిమాలో ఒక మూల పెట్టుకున్నాడు. పెద్ద సెంటిమెంటు చిత్రంలో రెండు గంటలు ఏడ్చి ఉంటే మనం అంతగా నమ్మేవాళ్ళం కాదేమో. ఒక్క నిమిషం, ఒక ఫోటో, అంతే.

జపాను దర్శకుడు మసాకి కొబయాషి 1964లో తీసిన "క్వైదాన్"లో నాలుగు కథలుంటాయి. మూడు గంటల సినిమా. స్టూడియోలో ఆకాశం బొమ్మ వేసి, ఆ ఆకాశానికి కళ్ళు కూడా వేశారు! నాలుగో కథలో ఒకడికి తాగబోయే గిన్నెలో వేరే మనిషి ముఖం కనిపిస్తుంది. ఆ కథ మధ్యలో ఆగిపోతుంది, రాసినవాడు పూర్తి చేయలేదు కనుక! మొదటిసారి చూసినవాళ్ళు విసుక్కుంటారు. నేను మాత్రం విసుక్కోలేను. ఆగిపోయిన కథ ఎలా ఉంటుందో నాకు చిన్నప్పుడే తెలుసు. విక్రమార్కుడి సంగతి కూడా అంతే కదా. అన్ని కథలకీ జవాబు చెప్పిన రాజు ఆఖరి కథకి నోరు మెదపలేకపోయాడు. ఆ మౌనానికే బేతాళుడు లొంగాడు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఈ కదంబ చిత్రాల దగ్గర భయం సగమే సరుకు. ఒంటరిగా ఎవరి ముందూ చెప్పుకోలేనిది నలుగురి మధ్యా, వంతు వచ్చినప్పుడు, దయ్యం ముసుగేసి చెప్పుకోవచ్చు. వినేవాళ్ళకి నిజం తెలియక్కర్లేదు. చెప్పినవాళ్ళ బరువు కాస్త దిగుతుంది. అందుకే ఇవి ఎన్నేళ్ళయినా పాతబడవు. అట్టముక్కల సెట్లు, రబ్బరు చేతులు చూసి మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. తర్వాతి కథలో ఎక్కడో ఒకచోట నవ్వు ఆగుతుంది.

కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి నా సలహా. ముందు "డాక్టర్ టెర్రర్" చూడండి, సరదాగా ఉంటుంది. తర్వాత "డెడ్ ఆఫ్ నైట్". ఆ తర్వాత మారియో బావా 1963లో ఇటలీలో తీసిన "బ్లాక్ సబ్బాత్". అవును, ఆ రాక్ బ్యాండు పేరు పెట్టుకున్నది ఈ సినిమాదే! అందులో శవం వేలి ఉంగరం దొంగిలించిన నర్సు కథ ఉంది. అది చూశాక ఇంట్లో కొళాయి చుక్క పడినా ఉలిక్కిపడతారు. అప్పుడు "తీన్ కన్య", "క్వైదాన్".

ఒక్క మాట. ఇప్పుడు అన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. చెవుల్లో పెట్టుకొని, దుప్పట్లో దూరి ఒంటరిగా చూడొద్దు. ఈ సినిమాలు అందుకు పుట్టలేదు. నలుగురిని పోగెయ్యండి. ఒక కథ అవగానే ఆపి, లైటు వెయ్యకుండా, పక్కవాడి చేత ఒకటి చెప్పించండి. తర్వాత రెండో కథ వెయ్యండి. ఇంట్లో అవ్వ ఉంటే ఆమెని కూడా కూర్చోబెట్టండి. సబ్‌టైటిల్సు మీరు చదివి చెప్పండి. ఆమె వంతు వచ్చినప్పుడు, చెప్తూ చెప్తూ మధ్యలో ఆపేస్తే, నిద్రొస్తోందని లేచిపోవద్దు. "తర్వాత అవ్వా?" అని ఇంకొక్కసారి అడగండి.